మునస్వామి కారుకు బీరువా రంగు

మా వీధిలో మునస్వామి కంటే ముందు అతని కారు వినబడేది. తిరుపతిలో మా వీధి మలుపు తిరగ్గానే ఆ పాత అంబాసిడర్ రెండుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మి, వాళ్ల ఇంటి ముందు ఆగేది. ఆ దగ్గు వినగానే అతని భార్య కుప్పమ్మ చారు గిన్నె పొయ్యి మీదికి ఎక్కించేది. వాళ్లది మాకు ఎదురిల్లు. నా గుమ్మంలో కూర్చుంటే వాళ్ల వంటింటి దాకా కనిపిస్తుంది. కనిపించనిది ఏదైనా ఉంటే పోయి అడుగుతాను. అడగకపోతే ఎలా తెలుస్తుంది?

మునస్వామి పుట్టింది ఐరాల పక్కన పల్లెలో. మీసం మొలిచీ మొలవకముందే చిత్తూరు వచ్చి మామిడికాయల లారీ ఎక్కాడు. ఇరవై ఏళ్లు మద్రాసుకూ బెంగుళూరుకూ కాయలు తోలాడు. కాయ కందకూడదని అలవాటైన చెయ్యి కాబట్టి మనుషుల్ని కూడా అదే మాదిరి తోలేవాడు. రోడ్డు మీద గుంత కనిపిస్తే బండి ఆపి, దిగి, దాని లోతు చూసి వచ్చి మరీ దాటించేవాడు. అతని కారెక్కిన ముసలివాళ్లు దీవించేవాళ్లు, రైలు అందుకోవలసినవాళ్లు తిట్టేవాళ్లు. నాయన పోయాక తన వాటాకు వచ్చిన నేల అమ్మి, తిరుపతికి వచ్చి కొన్న కారు అది.

రైల్వే స్టేషను దగ్గర ఒక లాడ్జి ఉండేది. దాని గేటు పక్కన మూడు కార్లు నిలుపుకునే చోటు. లాడ్జిలో దిగిన యాత్రికులు తిరుచానూరు పోవాలన్నా, కాళహస్తి, కాణిపాకం చూడాలన్నా ఆ మూడు కార్లనే పిలుస్తారు. మునస్వామిది అందులో రెండో చోటు. ఆ చోటు ఉంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అది పోతే బస్టాండులో నిలబడి వచ్చేపోయేవాళ్ల సంచులు పట్టి లాగి పిలవాలి. ఆ లాగడం మునస్వామికి చేత కాదు. ఒకసారి ప్రయత్నించాడు కూడా. ఒక ముసలామె సంచి చేతికి వచ్చేసరికి, పాపం బరువుగా ఉందని మోసుకుపోయి, ఆమె ఎక్కాలనుకున్న ఇంకొకరి కారులోనే ఎక్కించి వచ్చాడు.

ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలంలో ఆ చోటుకు ముప్పు వచ్చింది. తెచ్చింది గంధం.

కొండ మీద తలనీలాలు ఇచ్చినవాళ్లు గుండు నిండా గంధం పూసుకుని దిగుతారు. చల్లగా ఉంటుంది. కారెక్కి వెనక్కు ఆనుకోగానే కునుకు వస్తుంది. కునుకులో తల ఎటు వాలితే అటు గంధం. సీటు వెన్ను మీద గుండ్రంగా పచ్చటి మచ్చలు, తలుపుల లోపలి వైపు మచ్చలు, పొడుగు మనుషుల పుణ్యమా అని పైకప్పు గుడ్డకు కూడా మచ్చలు. కింద సీటు మీదేమో లడ్డు నెయ్యి. మునస్వామి ఆ మచ్చల్ని చుట్టాల్ని చూపించినట్టు చూపించేవాడు.

“ఇది గుంటూరాయనదక్కా. ఈ సిన్నవి రెండూ ఆయన కవల పిల్లోళ్లవి. ఇదేమో తంజావూరు పెద్దాయనది. పుత్తూరు నుంచీ నిద్ర పొయ్యినాడు, అందుకే రోంత సాగింది.”

“తుడిస్తే ఏం పోతుందబ్బా?” అని నేను అడిగాను.

“స్వామికి జుట్టిచ్చినోళ్ల గంధమక్కా. తుడిసి ఆ నీళ్లు కాలవలో పొయ్యాలంటే నాకు సెయ్యి రాదు.”

నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట న్యాయంగానే తోచింది. గంధం వెళ్లి మురుగులో కలవడమేమిటి? నేనూ తలూపాను. మా ఇద్దరి తెలివి అక్కడికే.

లాడ్జి మేనేజరు ముకుందం గారికి మాత్రం అది న్యాయంగా తోచలేదు. ఆయన నుదుట తీర్చిన నామం, ఒంటి మీద మడత నలగని తెల్ల పంచె. మా పక్క వీధి నుంచి రోజూ మా ఇళ్ల ముందుగానే లాడ్జికి నడిచి పోతాడు. ఆ సోమవారం మునస్వామి కారు తలుపు తెరిచి లోపలికి తొంగి చూశాడు.

“ఏమయ్యా, ఇది కారా, గంధం తీసే సానా? నిన్న మద్రాసు నుంచి వచ్చినాయన దీన్ని చూసి, పట్టుచీర కట్టుకున్న భార్యను ఎక్కించనంటే ఎక్కించనన్నాడు. శుక్రవారం పొద్దున పది గంటలకు ఈ దోవనే వస్తాను. లోపల కూర్చుని చూస్తాను. మచ్చ కనిపించిందా, నీ చోటు జయరావుది.”

జయరావు అంటే కొత్త కారు కొని నాలుగు నెలలుగా ఆ గేటు వైపే చూస్తున్న మనిషి.

మునస్వామి ఆ పూట అన్నం తినలేదు. కుప్పమ్మ మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. “వదినా, ఈయప్ప మళ్లీ చిత్తూరు పొయ్యి మామిడి లారీ తోలుకుంటానంటా ఉండాడు. ఈ వయసులో రాత్రీ పగలూ లారీ తోల్తే మనిషి మిగల్తాడా?”

అందుకని, మచ్చల మీద రంగు కొట్టిద్దామని, గురప్పను పిలిచాను. గురప్పది మా వీధే, రేణిగుంట రోడ్డులో ఇనుప బీరువాలు చేసే షెడ్డులో రంగు కొట్టేవాడు. వచ్చి, కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, సీటును వేలితో పొడిచి చూశాడు.

“ముందర ఈ గంధమూ నెయ్యీ కడిగెయ్యాలప్పా. లేకుంటే రంగు పట్టదు.”

“కడగను,” అన్నాడు మునస్వామి. “పైన కొట్టు. గంధం లోపల్నే ఉంటుంది, మచ్చ కనబడదు. అందరికీ మంచిది గదా.”

గురప్ప నా వైపు చూశాడు. “కొట్టబ్బా, గంధం ఏమన్నా పామా, పైకి లేసి వచ్చేదానికి?” అన్నాను. అలా అన్నది నేనేనని తర్వాత వీధిలో చాలామంది గుర్తు చేశారు.

రంగు గురప్ప షెడ్డులో అడుగున మిగిలిన డబ్బాలది. బీరువా రంగు, అదే, ఆకుపచ్చా కాదు బూడిదా కాదు, ఆ మధ్య రంగు. బ్రష్షుతో పూస్తే చారలు పడతాయి, జల్లాలి అన్నాడు. జల్లే యంత్రం షెడ్డు యజమానిది, బయటికి ఇవ్వడు. అందరం ఆలోచిస్తూ ఉంటే మా ఇంట్లో దోమల మందు కొట్టే పంపు నాకు గుర్తొచ్చింది. రేకు డబ్బా, వెనక కర్ర పిడి, తోస్తే ముందు నుంచి పొగలాగా వస్తుంది. దోమల మందు రాగా లేనిది రంగు రాదా?

బుధవారం పొద్దున పని మొదలైంది. కారు అద్దాలకు పాత పేపర్లు గంజితో అతికించాం. ముందు అద్దం కింద ఉన్న స్వామి పటానికి కుప్పమ్మ కొత్త రవిక గుడ్డ కప్పింది. రంగులో కిరసనాయిలు కలిపి పలచన చేసి పంపులో పోశారు. మునస్వామి ముక్కూ నోరూ తువ్వాలుతో కట్టుకుని పైకప్పు గుడ్డను ఎత్తి పట్టుకున్నాడు. గురప్ప వెనక సీట్లో మోకాళ్ల మీద నిలబడి పంపు తోశాడు.

మొదటి తోపుకు ఏమీ రాలేదు. రెండో తోపుకు తుస్సుమని గాలి వచ్చింది. మూడో తోపుకు రంగు వచ్చింది గానీ, పంపులో ముందున్న దోమల మందుతో కలిసి వచ్చింది. ఇద్దరూ తుమ్ముతూ చెరో తలుపులోంచి దూకారు. మునస్వామి కనుబొమ్మలు రెండూ బీరువా రంగు అయ్యాయి.

“నన్నెందుకు కొట్టినావప్పా!”

“నువ్వు అడ్డం పొయ్యినావు!”

“పైకప్పు పట్టుకోమంటివే, పట్టుకున్నోడు యాడికి పోవాల?”

మధ్యాహ్నానికి మొత్తం అయింది. మచ్చ ఒక్కటి లేదు. లోపలికి తొంగి చూస్తే మనుషుల్ని బీరువాలో పెట్టి తీసుకుపోతున్నట్టు ఉంది గానీ, శుభ్రంగా ఉంది. గురప్ప చేతులు తుడుచుకుంటూ, “బీరువా రెండు గంటల్లో ఆరుతుంది. దీనికి సాయంత్రం దాకా పెట్టుకో,” అని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరిందో లేదో చూద్దామని నేను సీటు మీద వేలు పెట్టాను. వేలు వచ్చింది, వేలితో పాటు రంగు వచ్చింది, సీటు మీద నా వేలి గుర్తు మిగిలింది. అది చూసి కుప్పమ్మ ఇంకో చోట పెట్టి చూసింది. పాలు పోసే మునెమ్మ చూసింది. మా ఇంటాయన శాంతయ్య ఆఫీసు నుంచి వస్తూ, “ఏందది, ఆరలేదా?” అని అరచెయ్యి మొత్తం ఆనించాడు.

గురువారం కారును ఎండలో పెట్టాం. ఎండకు ఆరుతుందనుకుంటే, వేడికి ఇంకా మెత్తబడి బెల్లం పాకం లాగా అయింది. నేను సాంబ్రాణి కుంపటి తెచ్చి లోపల పెట్టాను. తలంటుకున్నాక జుట్టు దాంతోనే కదా ఆరబెట్టుకుంటాం. జుట్టు ఆరే పొగకు సీటు ఆరలేదు, మసి మాత్రం చక్కగా పట్టింది. తలుపు తెరిచి ఉంచితే కుప్పమ్మ పెంచే కోడి ఎక్కింది. దాన్ని దించడానికి ఇద్దరు పట్టవలసి వచ్చింది. నాలుగు ఈకలు సీటు దగ్గరే ఉండిపోయాయి.

సాయంత్రం గురప్ప వచ్చి తల పట్టుకున్నాడు. “ఇనుం మీద ఆరే రంగు రెక్సిన్ మీద ఆరదు గాబోలు. నెయ్యి మీద అసలే ఆరదు. నాకేం తెల్సప్పా, నేను ఏనాడన్నా బీరువాలో లడ్డు పెట్టి కొట్టినానా?”

మునస్వామి అరుగు మీద కూర్చున్నాడు. అరవలేదు, ఎవరినీ అనలేదు. కనుబొమ్మలకు అంటిన రంగును గోటితో గీక్కుంటూ ఉన్నాడు. పంపు ఇచ్చింది నేను, కొట్టమన్నది నేను.

“పిండి సేతికి అతుక్కుంటే ఏం సేస్తాం మే?” అని కుప్పమ్మను అడిగాను.

“పొడిపిండి సల్లుకుంటాం.”

సీటు నిండా బియ్యప్పిండి చల్లాం. పైన మా ఇంటాయన పాత తెల్ల పంచెలు రెండు మడతల్లేకుండా పరిచాం. చూస్తే ఎవరో పెద్ద అధికారి కారు మాదిరిగా తయారైంది.

“ఆయన కూర్సుంటాడు, లేస్తాడు, పోతాడు. నువ్వు నోరు తెరవబాకు,” అని మునస్వామికి చెప్పాను.

“అడిగితే?”

“అడగడు.”

“అడిగితే అక్కా?”

“దగ్గు.”

శుక్రవారం పది గంటలకు ముకుందం గారు వచ్చాడు. ఆ రోజు పంచె ఇంకా తెల్లగా ఉన్నట్టు నాకనిపించింది. గుమ్మాల్లో ఆడవాళ్లం బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు చేటలు పట్టుకుని నిలబడ్డాం. మా చేటల్లో చాలావాటిలో బియ్యం లేవు.

ఆయన తలుపు తెరిచి చూశాడు. పైకప్పు చూశాడు. తెల్ల పంచెలు చూసి గడ్డం నిమురుకున్నాడు. “పరవాలేదే! పరుపుల మీద తెల్లగుడ్డ కూడా వేసినావా? మర్యాద తెలిసినవాడివే,” అని ఒక కాలు లోపల పెట్టాడు.

మునస్వామి దగ్గాడు. ఎవరూ ఏమీ అడగకుండానే దగ్గాడు. నేను చేటతో సైగ చేశాను, గమ్మునుండమని. అతను ఆగలేకపోయాడు.

“సామీ, కూర్చోబాకండి! రంగు ఆరలేదు!”

“కూర్చున్నాను గదయ్యా.”

“అయితే లేయబాకండి సామీ!”

ఆ మాటకు ఏ మనిషైనా ఏం చేస్తాడు? లేవబోయాడు. ఆయనతో పాటు ఆయన పంచె, దాని కింద మా ఇంటాయన పంచె, దాని కింద సీటు రెక్సిన్ కొంచెం పైకి లేచి, మళ్లీ అన్నీ కలిసి కిందికి కూర్చున్నాయి. వేడికి రంగు మా పాత గుడ్డలోంచి ఊరి పైకి వచ్చేసింది. బియ్యప్పిండి దానికి జిగురు పెంచింది, తగ్గించలేదు.

గుమ్మాల్లో చేటలన్నీ ముఖాల మీదికి లేచాయి.

“మునస్వామీ,” అన్నాడు ముకుందం గారు, చాలా మెల్లగా. “ఇది ఏంది?”

పారిపోయే వీలు ఆయనకు లేదు కాబట్టి మునస్వామి మొత్తం చెప్పాడు. గంధం సంగతి, బీరువా డబ్బాల సంగతి, దోమల పంపు, కోడి, పిండి, అన్నీ. అడగనివి కూడా చెప్పాడు. పంపు ఎవరిదో కూడా చెప్పాడు.

“అంతా సరే. ముందే గంధాన్ని తుడిచేసి ఉంటే ఇంత కథ ఎందుకయ్యా?”

“స్వామి గంధం సామీ. కాలవలో పొయ్యను సెయ్యి రాలేదు.”

ముకుందం గారు అతని కనుబొమ్మల వైపు చూశాడు. “మా ఇంట్లో పెరుమాళ్లకు గంధం మార్చేటప్పుడు పాతది ఏం చేస్తామనుకున్నావు? కాలవలో పోస్తామా? తడిగుడ్డతో తీసి, ఆ నీళ్లు చెట్టు మొదట్లో పోస్తాం.” తర్వాత తల తిప్పి నన్ను పట్టుకున్నాడు. “ఏమమ్మా, నీ పూజ నీళ్లు యాడ పోస్తావు?”

“తులసి కుండీలో సామీ,” అన్నాను. రోజూ నేనే పోస్తాను. ముప్పై ఏళ్లుగా పోస్తున్నాను. ఒక్క రోజైనా బుర్రకు తట్టిందా!

ఇక ఆయన్ని బయటికి తీయాలి. పంచె రాదు, మనిషి మాత్రమే వస్తాడు. కుప్పమ్మా నేనూ కారు తలుపుకు అడ్డంగా దుప్పటి పట్టుకుని, ముఖాలు అటు తిప్పుకున్నాం. మా ఇంటాయన ఇంకో పంచె లోపలికి అందించాడు. మా ఆయన పొట్టి, ఆయన పొడుగు. ముకుందం గారు దిగేసరికి పంచె పిక్కల దగ్గరే ఆగిపోయింది. ఆయన పంచె సీటు మీదే ఉండిపోయింది.

“ఈ సంగతి స్టేషను దాకా పోకూడదు,” అన్నాడు అందరి వైపు చూస్తూ. చేటలన్నీ, బియ్యం లేనివి కూడా, ఒకేసారి చెరగడం మొదలుపెట్టాయి.

ఇదే సమయమని నాకనిపించింది. “ఎట్ల పోతుంది సామీ! మునస్వామి మీ గేటు కాడ ఉంటే నోరెత్తడు. బస్టాండుకు పోతేనే గదా భయం. ఆడ పొద్దుపోక డ్రైవర్లంతా కూర్సోని కథలు సెప్పుకుంటా ఉంటారు. నీ చోటు ఎందుకు పొయ్యిందప్పా అని అడిగితే ఈయప్ప ఏమని సెప్పేది?”

ముకుందం గారు నన్ను చూశాడు. ఆయనకు అర్థమైంది. పని సగం అయినట్టే. అప్పుడు మునస్వామి రెండడుగులు ముందుకు వచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“లేదు సామీ. బస్టాండుకు పొయ్యినా నేను సెప్పను. మీ మర్యాద పొయ్యే మాట నా నోట్లో నుంచి రాదు. మీరు ఆ దిగులు పెట్టుకోబాకండి.”

నేను కట్టిన గోడను ఒక్క తన్నుతో పడగొట్టాడు. కుప్పమ్మ అతని కాలు తొక్కింది. “అబ్బా, ఎందుకే తొక్కతావు? నిజమే గదా సెప్తా ఉండేది!”

ముకుందం గారు నవ్వాడు. అంతకు ముందు ఆయన నవ్వగా వీధిలో ఎవరూ చూడలేదు. నామం వంకర పోయేటంత నవ్వి, పొట్టి పంచెను కిందికి లాక్కున్నాడు. “వచ్చే శుక్రవారం దాకా ఆ చోటులో ఎవర్నీ నిలబెట్టను. ఈ రంగంతా ఒలిచి, గంధం పద్ధతిగా తీసి, గేటు దగ్గరికి తీసుకురా. నీ బస్టాండు కథలు నాకొద్దు,” అని పక్క సందులోంచి, ఎవరూ చూడని దోవలో ఇంటికి పోయాడు.

ఒలవడం కొట్టినంత సులువు కాలేదు. ఐదు రోజులు పట్టింది. సీట్లు ఊడదీసి వీధిలో వేసి, కిరసనాయిలూ కొబ్బరిపీచూ పెట్టి గురప్ప, మునస్వామి, మా ఇంటాయన, నేను, కుప్పమ్మ రుద్దాం. పైకప్పు గుడ్డ మొత్తం చించి కొత్తది కుట్టించవలసి వచ్చింది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. గంధం విడిగా రాలేదు. రంగూ కిరసనాయిలూ గంధమూ కలిసి పచ్చటి బురదలాగా వచ్చాయి. చెట్టుకు పోస్తే చెట్టు చస్తుంది. కాలవలో పోస్తే మునస్వామి చస్తాడు.

“అందులో గంధం ఎంతుంటుందబ్బా, అంతా రంగే,” అన్నాడు గురప్ప.

“ఎంతున్నా గంధమే.”

చివరికి మునస్వామి పెరట్లో గోడ వారగా మోకాలి లోతు గుంత తవ్వాడు. ఆ బురద, తుడిచిన పేలికలు, కొబ్బరిపీచు, ముకుందం గారి పంచె, మా ఇంటాయన పంచెలు, అన్నీ అందులో పెట్టి మన్ను కప్పి, పైన కర్పూరం వెలిగించాడు.

“పేలికలకు కర్పూరమా!” అని కుప్పమ్మ తల కొట్టుకుంది.

“పేలికలకు కాదే,” అన్నాడు మునస్వామి, చెంపలేసుకుంటూ.

శుక్రవారం ఉతికిన చొక్కా వేసుకుని కారు లాడ్జికి తీసుకుపోయాడు. ఏమవుతుందో చూడాలి గదా, నేనూ కుప్పమ్మా పూలు కొనే పని పెట్టుకుని స్టేషను వైపు నడిచాం. ముకుందం గారు బయటికి వచ్చాడు. సీట్లు రంగు లేకుండా, గీతలు పడి, వెలిసిపోయి ఉన్నాయి, కానీ మచ్చ లేదు. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. కిటికీలోంచి తల పెట్టి చూశాడు.

“కూర్సోని సూడండి సామీ,” అన్నాడు మునస్వామి.

“నేను కూర్చోను,” అన్నాడు ఆయన. “రెండో చోటులో పెట్టుకో పో.”

మునస్వామి కారును వెనక్కు తిప్పి రెండో చోటులో పెట్టాడు. పెట్టి దిగాడో లేదో, లాడ్జి మెట్ల మీద నుంచి సూళ్లూరుపేట వాళ్లు ఒక కుటుంబం కాణిపాకం పోవాలని దిగి వచ్చారు. తాత, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. కొత్తగా గీసిన ఐదు గుండ్లు, ఐదింటికీ తడి గంధం. మునస్వామి నాలుగు తలుపులూ తెరిచి, తాత చెయ్యి పట్టుకుని ఎక్కించి, ఆయన తలకు తగలకుండా పైన తన చెయ్యి అడ్డం పెట్టాడు.

“వెనక్కు ఆనుకోండి సామీ, దోవ రోంత పొడుగు,” అన్నాడు.

ముకుందం గారు గట్టిగా ఊపిరి వదిలి లోపలికి వెళ్లిపోయాడు.